చలవ చొక్కా

కలకత్తా వెళ్ళిన తెలుగువాళ్ళు కాళీఘాట్ చూస్తారు, దక్షిణేశ్వరం చూస్తారు, హౌరా వంతెన దగ్గర ఫొటో దిగుతారు. మెటియాబ్రుజ్ మొహం ఎవరూ చూడరు. అక్కడ చూడ్డానికి ఏముందని అడిగితే నేనూ వెంటనే జవాబు చెప్పలేను. ఖిదిర్‌పూర్ రేవు దాటి హుగ్లీ ఒడ్డు వెంబడి పోతే ఇరుకు సందులు, సందుల్లో ఇరుక్కుపోయిన లారీలు, లారీల పక్కనుంచి బట్టల మూటలతో దూరిపోయే రిక్షా బళ్ళు. ఏ గుమ్మం ముందు ఆగినా లోపల కుట్టుమిషన్ల చప్పుడు. వారం చివర్లో సంత. జబ్బార్ హాట్ లాంటి అంతస్తుల భవనాల్లో గదికో దుకాణం, దుకాణానికో గుట్ట. దేశంలో చాలా ఊళ్ళ పిల్లలు పండక్కి వేసుకునే గౌన్లూ చొక్కాలూ ఇక్కడ కుట్టినవే. వాటిలో బాబా సూట్ అని ఒకటుంది. మూడేళ్ళ పిల్లాడికి కోటు, లోపల వెయిస్ట్‌కోటు, మెడకి ఎలాస్టిక్ కట్టిన టై. ముక్కు చీదుకోవడం రాని వెధవని ఇప్పట్నించే ఇంటర్వ్యూకి తయారు చేస్తున్నారే అనుకుని నవ్వుకున్నాను.

నవ్వుకున్నాను గానీ, మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఈ ఒడ్డు మీద ఇంటర్వ్యూ అంటే నవ్వులాట కాదు. బెజవాడ నుంచి కటక్ దాకా 1890లలో వేసిన రైలు దారిలో వాల్తేరుకి ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. మా వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ దాన్ని బియెన్నార్ అనే అంటారు. దాని పెద్దాఫీసు గార్డెన్ రీచ్‌లో, అంటే మెటియాబ్రుజ్‌కి ఆనుకునే. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయినా ఆఫీసు మారలేదు. 2003లో కొత్త జోను పుట్టి వాల్తేరు డివిజను భువనేశ్వర్ కిందికి వెళ్ళేదాకా, నూరేళ్ళపాటు మా ఊళ్ళ రైలు ఉద్యోగాల తలరాత ఇక్కడే రాశారు. బరంపురం నుంచి వచ్చిన వి.వి. గిరి 1927లో ఖర్గ్‌పూర్ సమ్మె నడిపింది ఈ కంపెనీ మీదే. తర్వాత ఆయన రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళారు. మావాళ్ళు మాత్రం గుమాస్తా, ఫిట్టర్, పాయింట్స్‌మన్ ఉద్యోగాల కోసం మెయిలెక్కి హౌరాకి వస్తూనే ఉన్నారు.

అలా వచ్చినవాళ్ళలో మా పెద్దమావయ్య ఒకడు. ఆ రోజుల్లో మా వీధిలో ఇంటర్వ్యూ చొక్కా ఊరుమ్మడి ఆస్తి. తెల్ల చొక్కా. కొన్నది స్కూలు మేష్టారి తమ్ముడు, తొడుక్కున్నది వీధి మొత్తం. ఎవరికి కాల్‌లెటరొస్తే వాళ్ళ ఒంటి మీదికి పోయేది. పొట్టివాడైతే చేతులు మడిచేవాడు, పొడుగువాడైతే మడత విప్పేవాడు. చాకలి గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత నిలబెట్టి ఇస్తే, దాన్ని పాత పేపర్లో చుట్టి ట్రంకుపెట్టెలో అన్నిటికీ పైన పెట్టేవారు. తొడుక్కుని రైలెక్కడం అన్న మాటే లేదు. ఆవిరి ఇంజను రోజులవి. కిటికీ దగ్గర కూర్చుంటే పలాస వచ్చేసరికి కాలర్ నల్లబడేది. అందుకని హౌరా దాకా బనీను మీదే ప్రయాణం. హౌరాలో దిగాక ముక్కులోని మసి కూడా కడుక్కుని, అప్పుడు చొక్కా తొడుక్కోవడం. మావయ్య ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆఖర్న గుండీ పెట్టుకుంటున్నట్టు మెడ దగ్గర వేళ్ళు కదిపేవాడు.

ఉద్యోగం వచ్చింది. ఎందుకొచ్చిందన్న దాని మీద మా ఇంట్లో ఎన్నడూ ఏకాభిప్రాయం కుదర్లేదు. చొక్కా చూసి ఇచ్చారని మావయ్య. విజయనగరంలో తెలిసినాయన రాసిచ్చిన చీటీ వల్లని అత్తయ్య. గంజి పాళ్ళ మహిమని చాకలి రాములమ్మ. సింహాచలం మొక్కు అని అమ్మమ్మ. బతికినన్నాళ్ళూ ఎవరి వాదన వాళ్ళదే. పద్దెనిమిదో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పేవాడు, ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు గదా, దాన్ని చూసి ఇచ్చి ఉండొచ్చని మాత్రం ఒక్కళ్ళూ అనలేదు. మావయ్య కూడా.

నాకిప్పుడు ఆలోచిస్తే వాళ్ళ వాదనలోనే పస ఉందనిపిస్తుంది. మొహం చూసి బొట్టు పెడతారని మనవాళ్ళు ఊరికే అనలేదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు 2006లో ఒక సంగతి బయటపెట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫొటోలు సెకనులో పదోవంతు సేపు చూపించి, ఇతను నమ్మదగ్గవాడా, సమర్థుడా అని అడిగారట. జనం చెప్పేశారు. ఎంతసేపైనా చూసుకోమని వదిలేసినప్పుడూ దాదాపు అవే జవాబులు వచ్చాయి. ఎక్కువసేపు చూస్తే పెరిగింది ఒక్కటే, తమ జవాబు మీద తమకి నమ్మకం. అంటే బల్ల అవతల కూర్చున్న పెద్దమనిషి అరగంటసేపు ప్రశ్నలు అడిగినా, మొదటి రెప్పపాటులో రాసుకున్న తీర్పుకి సాక్ష్యాలు పోగుచేసుకుంటూ ఉండొచ్చు.

అందుకే కాబోలు, ఇంటర్వ్యూ శిక్షణ ఇచ్చేవాళ్ళంతా ఆ రెప్పపాటు మీదే వ్యాపారం నడుపుతారు. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా అదే పాఠం. నిటారుగా కూర్చో, చిరునవ్వు నవ్వు, కళ్ళలోకి చూసి మాట్లాడు. ఇరవై ఏళ్ళపాటు పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడకురా, అది పొగరు అని చెప్పి పెంచిన పిల్లాణ్ణి, తెల్లారేసరికి కళ్ళలోకి చూడమంటే వాడు చూసే చూపు ఎలా ఉంటుందో నేను చూశాను. అప్పు తీర్చనివాణ్ణి నిలదీసినట్టుంటుంది.

అసలు మెటియాబ్రుజ్ అనే ఈ ఊరు పుట్టిందే ఒక అర్జీ తిరిగొచ్చినందువల్ల. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకుంది. పరిపాలన సరిగా లేదన్నది వాళ్ళు చూపించిన కారణం. కొలువు పోయిన నవాబు వాజిద్ అలీ షా ఆ మే నెలలో కలకత్తా చేరాడు. లండన్ వెళ్ళి విక్టోరియా రాణికి మొర పెట్టుకోవాలని ఆయన ఉద్దేశం. ఆరోగ్యం సహకరించక తాను ఆగిపోయి తల్లి మలికా కిశ్వర్‌ని, తమ్ముణ్ణి, కొడుకుని ఓడ ఎక్కించాడు. పరదా దాటని పెద్దావిడ, వెంట పరివారంతో, సముద్రాలు దాటి వెళ్ళింది. వాళ్ళు అక్కడ ఉండగానే ఇక్కడ 1857 తిరుగుబాటు లేచింది. నవాబుని తీసుకెళ్ళి ఫోర్ట్ విలియంలో పెట్టారు. ఆ ఆగస్టులో అవధ్ రాజకుటుంబం అర్జీ ప్రభువుల సభ ముందుకు వచ్చింది. దాన్ని వెనక్కి పంపడానికి దొరికిన వంక వింటే ఆశ్చర్యం వేస్తుంది. అర్జీలో 'హంబుల్' అన్న మాట లేదట. రాజ్యం పోగొట్టుకున్నవాళ్ళు వినయంగా వేడుకుంటున్నట్టు రాయలేదని పద్ధతి తప్పిన కాగితంగా లెక్కకట్టారు. పెద్దావిడ తిరుగు దారిలో 1858 జనవరిలో పారిస్‌లో పోయింది. సమాధి కూడా అక్కడే, పెర్ లషేజ్‌లో.

మా నాన్న తరం టైపు నేర్చుకున్నవాళ్ళందరికీ 'మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ ఐ బెగ్ టు సబ్మిట్' అన్న వరస కంఠతా వచ్చు. అర్థం తెలిసినా తెలియకపోయినా వేళ్ళకి వచ్చు. కలెక్టరాఫీసు చెట్టు కింద అర్జీలు రాసేవాడు మనం సంగతి చెప్పడానికి ముందే ఆ వాక్యం టైపు కొట్టి ఉంచేవాడు. చిన్నప్పుడు అది బానిసబుద్ధి అనుకునేవాణ్ణి. ఆ చెట్టు కింది మనిషికి దొరతనం గుట్టు తెలుసు. నవాబుకి సలహా ఇచ్చినవాళ్ళకి తెలిసినట్టు లేదు.

1859లో విడుదలయ్యాక నవాబు ఈ ఒడ్డునే ఉండిపోయి, 1887లో పోయేదాకా ఇక్కడో చిన్న లక్నో కట్టుకున్నాడు. ఇమాంబాడా, జంతుశాల, కథక్, పావురాలు, గాలిపటాలు. ఆగ్నేయ రైల్వే జనరల్ మేనేజరు ఉండే బంగళా ఒకప్పుడు ఆయన నివాసమేనంటారు. ఆయన వెంట వంటవాళ్ళూ దర్జీలూ వచ్చారు. కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప ఆ వంటవాళ్ళ పెట్టుబడి అని, మెటియాబ్రుజ్ కుట్టుపని ఆ దర్జీల పెట్టుబడి అని ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. పక్కనే ఇంత పెద్ద రేవు, రేవు నిండా కోట్లు తొడుక్కునే దొరలు ఉండగా, ఊరికి సూది పట్టుకోవడం నేర్పడానికి నవాబే దిగి రావాలా అని నా అనుమానం. అయినా ఏ ఊరికైనా ఒక రాజు ఉంటే బాగుంటుంది. మనం మాత్రం తానీషా పేరు చెప్పి కూచిపూడి గురించి చెప్పుకోవడం లేదూ?

నవాబు దర్బారు సాగుతున్న రోజుల్లోనే, ఇదే ఒడ్డున ఇంకో రకం ఎంపికలు జరిగేవి. చెరకు తోటల దేశాలకి కూలీలని పంపే డిపోలు గార్డెన్ రీచ్ చుట్టుపక్కలే ఉండేవి. 1834లో మారిషస్‌కి మొదటి ఓడ వెళ్ళింది కలకత్తా నుంచే. తర్వాత ట్రినిడాడ్, గయానా, సూరినాం, ఫిజీ. మన తెలుగువాళ్ళు ఎక్కువగా కోరంగి నుంచీ మద్రాసు నుంచీ ఓడెక్కారు గానీ ఎంచే పద్ధతి ఎక్కడైనా ఒకటే. మొహం చూడరు, అరచెయ్యి తిప్పమంటారు. చేతులు కాయలు కాసి ఉంటే పనికొస్తాడు, మెత్తగా ఉంటే అనుమానం. దొరలకి పూజారులూ సిపాయిలూ గుమాస్తాలూ అక్కర్లేదు, దున్నేవాళ్ళు కావాలి. కాబట్టి కూలీలని పోగుచేసే ఆర్కాటీ ముందే పాఠం చెప్పేవాడు. కులం ఇలా చెప్పు, పని అలా చెప్పు, దొర ఏమడిగినా అవునను. 1893లో కలకత్తా మీదుగా ఫిజీ వెళ్ళిన తోతారాం సనాఢ్య, తిరిగొచ్చాక 1914లో అచ్చయిన పుస్తకంలో ఈ తంతంతా చెప్పాడు. ఆయన బ్రాహ్మడు. కాగితంలో ఠాకూర్ అయిపోయాడు. ఇంటర్వ్యూ శిక్షణ అన్నది అమీర్‌పేటలో పుట్టిందనుకునేవాళ్ళకి ఈ ఆర్కాటీని ఒకసారి గుర్తుచెయ్యాలి. అతని దగ్గర చేరినవాళ్ళకి ఉద్యోగం గ్యారంటీ. అదే వాళ్ళ దురదృష్టం.

మెటియాబ్రుజ్ రేవులో పడవెక్కితే అవతలి ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. 1787లో పెట్టిన తోట. పెద్ద మర్రిచెట్టు చూడ్డానికి జనం వెళతారు. నేను వెళ్ళింది విలియం రాక్స్‌బరో కోసం. మన సామర్లకోటలో పన్నెండేళ్ళు ఉన్న కంపెనీ వైద్యుడు ఆయన. అక్కడ మిరియాలూ నీలిమందూ పెంచుతూ, చుట్టుపక్కల కనబడ్డ ప్రతి చెట్టునీ బొమ్మ గీయించాడు. గీసినవాళ్ళు మన దేశపు చిత్రకారులు. ఒక్కో మొక్కకి ఆకు, పువ్వు, కాయ, కోసి చూపిన గింజ. ఆ బొమ్మలు వందలకొద్దీ ఓడలెక్కి లండన్ చేరాయి. మనిషిని చూడకుండానే అక్కడి పెద్దలకి ఆయన మీద గురి కుదిరింది. 1793లో ఈ తోటకి ఆయనే అధికారి. 1795లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం మొదటి సంపుటం వచ్చింది. అందులో మన చెట్లకి తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు లేవు.

నాకు ఆ పుస్తకం సంగతి తెలిసినప్పటి నుంచీ రాములమ్మ గుర్తొస్తూ ఉంటుంది. ఇంటర్వ్యూలో నెగ్గినవాడి మీద ఎప్పుడూ ఎవరిదో చేతి చలవ ఉంటుంది. అర్జీ రాసిచ్చినవాడు, చొక్కా అరువిచ్చినవాడు, గంజి పెట్టినది, కుట్టినవాడు. బల్ల అవతలివాళ్ళు చూసేది వీళ్ళందరినీ. చూశామనుకునేది మాత్రం ఒక్క మనిషిని.

మరి కుట్టినవాడే ఉద్యోగం అడగబోతే? ఆ సంగతి తెలిసింది ఒక ఓస్తాగర్ దగ్గర. ఓస్తాగర్ అంటే ఇక్కడ సొంతంగా బట్ట కొని, కత్తిరించి, కారిగర్ల చేత కుట్టించి సంతలో అమ్మించే దర్జీ పెద్ద. రైల్వే కాలనీలో ఉండే మా మావయ్య కొడుక్కి తెలిసినవాడు. అరవై దాటిన మనిషి, మెడలో టేపు, చేతిలో చాక్‌పీసు. ఇంటి కింది భాగమంతా దలీజ్, అంటే కుట్టే చోటు. వరసగా మిషన్లు, నేల నిండా రంగు రంగుల పీలికలు, గోడకి ఇమాంబాడా కేలెండరు. వాళ్ళబ్బాయి బీకాం చదివాడు. కంప్యూటర్ లెక్కల కోర్సు చేశాడు. ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతున్నాడు. మేం వెళ్ళేసరికి ఫోనులో ఏదో ఫారం నింపుతున్నాడు.

"అన్నయ్యగారూ, అడ్రసులో మెటియాబ్రుజ్ అని రాస్తే బాగుంటుందా, గార్డెన్ రీచ్ అని రాస్తే బాగుంటుందా?" అని మావాణ్ణి హిందీలో అడిగాడు.

"రెండూ ఒకటే కదా" అన్నాడు మావాడు.

"పోస్టుమనిషికి ఒకటే."

నేనేమీ అనలేకపోయాను. ఎందుకంటే ఆ కుర్రాడు అడిగిన దానికి లెక్కలతో సహా జవాబు ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు ఆచార్యులు పేపర్లలో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి దరఖాస్తులు పంపి చూశారు. చదువులు ఒకటే, అర్హతలు ఒకటే, పేర్లే వేరు. కొన్నిటి మీద అగ్రకులపు హిందువు పేరు, కొన్నిటి మీద దళితుడి పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. 2007లో వాళ్ళు బయటపెట్టిన లెక్క ప్రకారం, అగ్రకులపు పేరుతో పోలిస్తే దళితుడి పేరుకి పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకి మూడింట ఒక వంతు. ఇక్కడ చొక్కా లేదు, గంజి లేదు, కళ్ళలోకి చూడ్డం లేదు. మనిషి గుమ్మం దాకా రానేలేదు. కాగితం మీద పేరు చదివే ఆ రెప్పపాటులో అంతా అయిపోయింది. శిక్షణ కేంద్రాలవాళ్ళు దీనికి ఏ పాఠం చెబుతారో నాకు తెలుసుకోవాలనుంది. పేరు నిటారుగా కూర్చోబెట్టమంటారా?

ఆ కుర్రాడు చివరికి గార్డెన్ రీచ్ అనే రాశాడు. పేరుని మాత్రం ఏం చెయ్యగలడు.

సరిగ్గా అప్పుడే కారిగర్ పని కోసం ఒకతను వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, దక్షిణ పరగణాల పల్లె నుంచి. నలిగిన టీషర్టు, రబ్బరు చెప్పులు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఓస్తాగర్ తల ఎత్తకుండానే ఏ ఊరు అన్నాడు, ఎవరు పంపారు అన్నాడు. సిఫారసు లేని లోకం ఎక్కడా లేదు, దలీజ్‌లోనూ లేదు. తర్వాత కత్తిరించి పెట్టిన పిల్లల చొక్కా ముక్కలు కొన్ని తీసి మిషను మీద పడేశాడు. వచ్చినవాడు సంచి మూల పెట్టి కూర్చున్నాడు. ముందు ఒక పీలిక మీద రెండు వరసలు కుట్టి, తిప్పి చూసుకుని, పైదారం బిగువు కాస్త సరిచేసుకున్నాడు. ఓస్తాగర్ కళ్ళు మా మీదే ఉన్నాయి గానీ చెవి అటు ఉంది. మిషను ఆగి ఆగి నడుస్తోందా, ఒక ఊపులో పోతోందా అన్నది ఆయన వింటున్నాడని తర్వాత అర్థమైంది.

కుట్టడం అయ్యాక చొక్కా అందుకుని, ముందువైపు చూడకుండానే తిరగేశాడు. భుజం కుట్టు దగ్గర రెండు బొటనవేళ్ళూ పెట్టి అటూ ఇటూ లాగాడు. చంక కింద, నాలుగు కుట్లు కలిసే చోట, గోటితో గీరాడు. పైదారం వదులైతే కింది వైపు ఉచ్చులు ఉచ్చులుగా తేలుతుంది. పైనుంచి చూస్తే ఆ తప్పు కనిపించదు, నాలుగు ఉతుకుల తర్వాత కుట్టు ఊడుతుంది. అక్కడ వేలు తగలనిచ్చి చూశాడు. ఆఖర్న కాలర్‌ని నడిమికి మడిచి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఒక కొస వెంట్రుకవాసి ముందుకొచ్చింది. ఆ కొసని వచ్చినవాడికి చూపించాడు. అతను తలూపాడు. పీసు రేటు ఒక అంకె చెప్పాడు. అతను మళ్ళీ తలూపాడు. అయిపోయింది. ఇంత సేపట్లో ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు సరిగా చూసుకున్నట్టు నాకు కనబడలేదు.

దీన్ని చూసి ఎంపిక అంటే ఇలా ఉండాలని పాట పాడను. పీసు రేటంటే కుట్టిన రోజే కూడు. పూజకీ రంజానుకీ ముందు నిద్ర ఉండదు, ఆ తర్వాత పని ఉండదు. పీఎఫ్ లేదు, పింఛను లేదు. రైల్వే గుమాస్తాగా మావయ్య ఆఖరిదాకా తిన్న పింఛను ఈ కుర్రాడికి ఏ కాలర్ కొసా తెచ్చిపెట్టదు. అయినా చొక్కా తిరగేసినప్పుడు అతని మొహంలో బెదురు లేకపోవడం చూశాను. ఇంటర్వ్యూ గదుల బయట అంతమందిని చూశాను గానీ ఆ నిబ్బరం ఎక్కడా చూడలేదు. ఓస్తాగర్ ఏం చూస్తాడో అతనికి ముందే తెలుసు.

సర్కారు కూడా మొహం చూసే పని కొంత మానుకుంది లెండి. 2016 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి, డి కొలువులకీ, గెజిటెడ్ కాని గ్రూప్ బి కొలువులకీ ఇంటర్వ్యూలు తీసేశారు. మావయ్య చేసిన ఉద్యోగానికి ఇప్పుడు ఏ కంప్యూటర్ సెంటర్లోనో పరీక్ష రాస్తే సరి, హౌరాలో మసి కడుక్కోనక్కర్లేదు. చీటీ ఇచ్చే తెలిసినాయనలకి ఇది గొడ్డలిపెట్టే. ప్రైవేటులో ఆ తెలిసినాయన స్థానం సాఫ్ట్‌వేర్ ఆక్రమించింది. బయోడేటాని ముందు అదే చదివి, ఎవర్ని పైకి పంపాలో తేలుస్తోంది. అదైనా నిష్పక్షపాతంగా ఉంటుందా అంటే, అమెజాన్ అలాంటి ఒకదాన్ని తయారు చేసుకుని, అది ఆడవాళ్ళ బయోడేటాలకి మార్కులు తగ్గిస్తోందని గమనించి మూలన పడేసిందని 2018లో వార్త వచ్చింది. అంతకుముందు పదేళ్ళ దరఖాస్తులు చూపించి నేర్పితే, అది మన బుద్ధే నేర్చుకుంది.

వచ్చేముందు మా మేనల్లుడి కోసం ఒక తెల్ల చొక్కా ఇమ్మన్నాను. వాడికి వారంలో బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. ఓస్తాగర్ నవ్వాడు. ఇక్కడ డజనుకి తక్కువ బేరం లేదట, పైగా ఆయన కుట్టేదంతా పన్నెండేళ్ళ లోపు సరుకు. అయినా మావాడి మొహం చూసి పక్క దలీజ్‌కి మనిషిని పంపి, పెద్దవాళ్ళ చొక్కా శాంపిల్ పీసు ఒకటి తెప్పించాడు. నేను అందుకుని, ఏదో తెలిసినవాడిలా, తిరగేసి భుజం కుట్టు లాగి చూశాను. కాలర్ కూడా మడిచాను. ఆయన కొడుకు ఫోను పక్కన పెట్టి నా వంక చూస్తున్నాడు.

"బెంగళూరు వెళ్ళాలా బాబూ మీ అల్లుడు?"

లేదు, ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వీడియోలో మాట్లాడడమే అని చెప్పాను.

"అయితే ప్యాంటు ఖర్చు తప్పింది. లుంగీ చాలు" అన్నాడు ఓస్తాగర్. చొక్కా ధర మాత్రం రూపాయి తగ్గించలేదు.